పెనం కూడా రాయి

రాయప్పా, రాయి.
దేశమ్మ, భర్త లేటు చెంగల్రాయుడు,
వయసు అరవై మూడు.
ఆధారు కార్డులో అరవై ఏడుందా? సరే, అదే వేసుకో.
నాలుగేండ్లు గవర్మెంటు ఊరికే ఇచ్చింది,
వాటిని ఎవురికీ పంచాల్సిన పన్లేదు.

"స్వస్థ చిత్తముతో" అని రాస్తా ఉండావు, చూస్తా ఉండా.
చిత్తానికి డాక్టరు కాగితమిచ్చినాడు, మూడు నూర్లు తీసుకోని.
మోకాలి సంగతి ఆయన అడగలా, నేను చెప్పలా.

మా ఆయన ఏ కాగితమూ రాయకుండా పోయినాడు.
వీలునామా అనే మాట నోట్లోకొస్తే
ఎముడు మన గడప ముందర చెప్పులిడుస్తాడని ఆయన భయం.
రాయలేదు. అయినా వచ్చినాడు గదా,
చెరుకు లోడు కట్టేటప్పుడు, పట్టపగలు.

ఆ తర్వాత పదకొండేండ్లు
ఈ చిత్తూరు కోర్టు మెట్లు తొక్కినా.
వాయిదా పడినప్పుడల్లా బస్టాండులో రెండు పుణుగులు తిని
ఆఖరి బస్సుకి ఇల్లు చేరేదాన్ని.
మా మరిది కాణిపాకంలో ప్రమాణానికి రమ్మన్నాడు.
పోయినా. తడిగుడ్డల్తో నిలబడినా.
వాడూ నిలబడినాడు.
ఇద్దురమూ నిజమే చెప్పినాం,
ఎవుని నిజం వానిది.
సామి మాత్రం ఏం చేస్తాడు పాపం,
ఆయన చేతిలో ఈసీ కాపీ లేదు గదా.

ఇప్పుడు నాది రాయి.
ఎకరా ముప్పై సెంట్లు. బెల్లం డబ్బుతో కొన్నది, స్వార్జితం.
తూర్పు, మొగిలయ్య మామిడి తోపు.
పడమర, బండి బాట.
దక్షిణం, వంక. నీళ్లు లేకపోయినా వంకే.
ఉత్తరం...
ఉండు, నీళ్లు తాగనీ.
ఉత్తరం మా మరిదిది. వాని పేరు తప్పుల్లేకుండా రాయి,
వానికి రోసం జాస్తి.

బాయిలో నాలుగో వంతు. మోటారు బేస్తవారమూ ఆదివారమూ మాది.
గానిగ మిషను.
పెనం కూడా రాయి.
నవ్వుతావేంది? పదహారు మాట్లు పడిన పెనం,
మూడు పెండ్లిండ్లూ రెండు చావులూ దాంట్లోనే ఉడికినాయి.

ఎవురికంటావా? మోహనవల్లికి.
కూతురని రాయబోతావేమో. కాదు, కోడలు.
కొడుకు పోయి ఆరేండ్లు. పిలకాయలు లేరు.
కలమాపి నా మొగం చూసినావు చూడు,
ఆ చూపు కోసరమే ఈడికొచ్చినా.
నేను ఊరికే కండ్లు మూస్తే
చట్టం నా కూతుర్లను ఎతుక్కోని పోతాదంట,
ఈ పిల్ల దిక్కు తిరగదంట.
పోయిన సోమవారం నువ్వే చెప్పినావు.
తెల్లారి మూడుకి లేచి పొయ్యిలోకి పిప్పి ఎగదోసే పిల్ల
చట్టం కంటికి ఆనదంట.

కూతుర్లకు చెప్పే వచ్చినా.
పెద్దది తలూపింది.
చిన్నది మూడు దినాలు మాట్లాడలా,
నాలుగో దినం ఫోను చేసి
"ఆ ఎర్రరాళ్ల కమ్మలన్నా నాకు రాయమ్మా" అనె.
రాయి, కమ్మలు చిన్నదానికి.
పెద్దది ఏమీ అడగలా. పోస్టాఫీసు డబ్బు దానికి.

ఏమంటివి?
కోడలు మళ్లీ పెండ్లి చేసుకుంటే చెల్లదని ఒక మాట కలపాల్నా?
కలపొద్దు.
చేసుకుంటే చేసుకోనీ.
పెనం మొగుడెవురని అడగదు నాయనా,
పాకం తెలిసిన చెయ్యేదని అడుగుతాది.
ఉడికే పాకం చుక్క చన్నీళ్లలో ఏసి, ముద్ద చేసి
తట్టకేసి కొడితే ఠంగుమనాల.
ఆ చప్పుడు ఆ పిల్ల చెవుల్లో ఏసినా.
దాన్ని రిజిస్టరు చేసే ఆఫీసు యాడా లేదు గాని,
మిగతాదంతా రాయి.

సాక్షులు ఆస్తి రానోళ్లుండాలంటివే,
టీ కొట్టాయన, సైకిల్ స్టాండాయన ఒప్పుకున్నారు.
ఏలిముద్ర ఎట్లా తప్పదంటే ఏస్తా,
సంతకమూ చేస్తా. కోర్టుకి తిరిగి నేర్చుకున్నది అదొక్కటే.

ఒక మాట.
ఆ పిల్ల బయట నీడన కూర్చోనుండాది,
మోకాలి మందుకి వచ్చినామనుకోని.
దానికి చెప్పబాకు.
తెలిస్తే రేపట్నుంచి నా సంగట్లో
ఒక చుక్క నెయ్యి ఎక్కువేస్తాది.
ఇప్పుడేసేది సరిపోతాది నాకు.